రెండంగుళాల కోత

ఏలూరులో తుపాకులు బాగుచేసే షాపు ఒకటే ఉందని మా తమ్ముడు ప్రసాదు కనుక్కొచ్చాడు. నన్ను కారులో కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. లైసెన్సు నా పేరున ఉంది కాబట్టి నేను లేకుండా దాన్ని ఎవరూ ముట్టుకోరు. షాపాయన డెబ్భై దాటిన మనిషి. బల్లమీద పాత దుప్పటి పరిచి, మా రైఫిల్ని దానిమీద పడుకోబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక చివర నుంచి ఇంకో చివరకి తీరిగ్గా చూశాడు. "ఇది రైఫిలు కాదండీ, సింగిల్ బ్యారెల్ గన్ను" అన్నాడు ముందుగా. నాకు తెలుసు. కాగితాల్లోనూ అలాగే ఉంది. కానీ మా తాతయ్య దాన్ని రైఫిలు అన్నారు, ఆయన తరవాత ఇంటిల్లిపాదీ రైఫిలనే అన్నాం. ఇప్పుడు మార్చుకునే ఉద్దేశం నాకు లేదు. "గొట్టం బాగానే ఉందండీ. తుప్పు తీసి నల్లరంగు పట్టిస్తే కొత్తదానిలా మెరుస్తుంది. భుజానికి ఆనించే ఈ కొయ్యే, పాపం, ఎవరో తెలియనివాళ్ళు పాడుచేశారు. చివర కోసేసి టైరుముక్క కొట్టారు చూడండి. ఇది తీసేసి కొత్తది, పూర్తి పొడుగుది వేసి, పాలిష్ కొడతాను" అన్నాడు. ప్రసాదు మొహం వెలిగిపోయింది. "అదేనండీ మాకు కావాల్సింది" అన్నాడు.

ప్రసాదు తాడేపల్లిగూడెంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు. హాల్లో మెట్ల పక్కన గోడకి గాజు బీరువా చేయించి, లోపల చిన్న చిన్న దీపాలు కూడా పెట్టించాడు. అందులో పెట్టాల్సింది తాతయ్య రైఫిలు, కింద ఇత్తడి రేకు మీద తాతయ్య పేరు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి ఖాళీ బీరువా చూపించి, ఇక్కడ మా తాతగారి తుపాకీ వస్తుంది, ఆయన కొల్లేట్లో పెద్ద పెద్ద ఆఫీసర్లని వెంటబెట్టుకుని వేటకి వెళ్ళేవారు అని చెబుతుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. అబద్ధమేమీ కాదు. తాతయ్య వేటకి వెళ్ళిన మాట నిజమే. కానీ ఆ తుపాకీ తాతయ్య దగ్గర ఉన్నదానికంటే మా మాణిక్యం అత్తయ్య దగ్గర ఎక్కువ కాలం ఉంది. చివర కోయించిందీ ఆవిడే. ఆ సంగతి ఇత్తడి రేకు మీద ఎక్కడా లేదు. అందుకే షాపులో బల్ల ముందు నిలబడి "తుపాకీ మీ దగ్గరే ఉండనివ్వండి, ఒక్క వారం ఆగండి. నేను ఆలోచించుకుని చెబుతాను" అన్నాను. తమ్ముడు నన్ను మా ఇంటి దగ్గర దింపేసి వెళ్ళిపోయాడు.

మాణిక్యం అత్తయ్య మా నాన్నకి చెల్లెలు. మండవల్లి అవతల, కొల్లేటి అంచున ఒక ఊళ్ళో ఇచ్చారు. ఆవిడకి ఇరవయ్యారేళ్ళు నిండకుండానే మామయ్య జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆయన వాటాకి వచ్చిన దాళ్వా వరి పండే భూమి, రెండు గదుల పెంకుటిల్లు. పెద్దకర్మ అయ్యాక అందరూ ఆవిడ పుట్టింటికి వచ్చేస్తుందనే అనుకున్నారట. మా నాయనమ్మ గదికి సున్నం కూడా వేయించింది. అత్తయ్య రానంది. "అక్కడికొచ్చి ఏం చెయ్యనమ్మా, వదినగారి వంటింట్లో కూరలు తరుగుతూ కూర్చోనా?" అందట.  తాతయ్య పదిహేను రోజులాగి, తన రైఫిల్ని దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కి వెళ్ళి, ఆవిడ చేతుల్లో పెట్టి వచ్చారు. తోడుగా ఎవరో ఒకరు ఉండాలని రెండేళ్ళ తరవాత నన్ను పంపించారు. అప్పటికి నాకు పదేళ్ళు. మండవల్లి బళ్ళో చేర్పించారు. హైస్కూలు చదువు సగం వరకూ ఆవిడ దగ్గరే పెరిగాను.

ఆ ఇంట్లో పొద్దు చాలా తొందరగా మొదలయ్యేది. నేను కళ్ళు తెరిచేసరికి అత్తయ్య కల్లాపి చల్లేసి, పొయ్యి మీద కాఫీ డికాక్షన్ దించుతూ ఉండేది. గాలి కొల్లేటి వైపు నుంచి వీస్తే నాచువాసన, పడమటి గాలైతే పక్కూళ్ళో ఎండుచేపల వాసన. కాఫీ తాగాక చీరమీద మామయ్య ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కునేది. మోచేతుల దగ్గర అతుకులు వేసి వేసి ఆ చొక్కా మందంగా, గోనెసంచిలా తయారైంది. తలకి తువ్వాలు చుట్టి, రైఫిలు చేతికి తగిలించుకుని పొలం వెళ్ళేది. నారు పోసినప్పుడు, గింజ పాలుపోసుకున్నప్పుడు కొల్లేటి కిక్కిస రెల్లులోంచి పరజపిట్టలు లేచి మేఘంలా వచ్చి చేలమీద వాలేవి. గట్టుమీద నిలబడి ఆకాశంలోకి ఒక్కటి పేల్చేది. మొత్తం పిట్టలన్నీ ఒక్కసారి లేచేవి. ఆ చప్పుడు మా బడి దాకా వినిపిస్తోందని పిల్లలు నన్ను ఆటపట్టించేవాళ్ళు. "మీ అత్త లేచిందే" అనేవాళ్ళు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. తరవాత తరవాత ఆ చప్పుడు వినపడని రోజు నాకు పాఠం ఎక్కేది కాదు.

ఆదివారం తలంట్లు. అంతకు ముందు శనివారం సాయంత్రం నన్ను వాకిట్లో కూర్చోబెట్టి తలకి కొబ్బరినూనె పట్టించేది. నా జడ పని అయ్యాక, అరచేతులకి మిగిలిన నూనెని ఆ తుపాకీ కొయ్యకి రాసేది. ఇనుముకి మాత్రం కుట్టుమిషను నూనె. "చెక్కకీ జుట్టుకీ ఒకటే నూనె, ఇనుముకి వేరు" అని నాకు నేర్పింది. ఆ కొయ్య నల్లగా, నిగనిగలాడుతూ ఉండటానికి ఏ పాలిషూ కారణం కాదు. ఇన్నేళ్ళ తరవాత షాపులో బల్లమీద దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే ఇంకా లోపలెక్కడో కొబ్బరినూనె వాసన ఉంది. తమ్ముడు నన్ను వింతగా చూశాడు. చూస్తే చూశాడు.

ఆ కొయ్య కోయించిన వైనం నేను వెళ్ళకముందే జరిగింది. అత్తయ్యే చెప్పింది. ఆవిడ మనిషి చాలా పొట్టి. అయిదడుగులు కూడా లేదు. తాతయ్యది ఆరడుగుల విగ్రహం. ఆయన చేతికి కుదిరిన తుపాకీ ఈవిడ భుజానికి ఎక్కేదే కాదు. మొదటిసారి ఎలాగో చంకకింద ఇరికించి పేల్చిందట. అది తన్నిన తన్నుకి వెల్లకిలా బురదలో పడింది. భుజం దగ్గర వంకాయరంగు మచ్చ నెల్లాళ్ళు ఉంది. ఆ మధ్యలోనే లైసెన్సు తన పేరుకి మార్పించుకోవటానికి ఏలూరు వెళితే, ఆఫీసరుగారు ఎగాదిగా చూసి, "ఇది పట్టుకోవటం వచ్చా అమ్మా మీకు? ఎత్తి చూపించండి" అన్నాడట. ఎత్తలేకపోయింది. గదిలో గుమాస్తాలంతా నవ్వారు. ఊళ్ళో బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా తాటిదోనెలు చేసే వీర్రాజు దగ్గరికి వెళ్ళింది. అతను ఆవిణ్ణి నిలబెట్టి, మోచెయ్యి వంచమని, తుపాకీ చివరని మోచేతి ఒంపులో ఆనించి, వేలు ఎక్కడికి అందుతోందో చూసి, "రెండంగుళాలు ఎక్కువుందండి అమ్మగారూ" అని బొగ్గుతో గీత గీశాడట. రంపంతో కోసేశాడు. తన్ను తగ్గటానికి సైకిలు టైరుముక్క మేకులు కొట్టి బిగించాడు. పై వారమే మళ్ళీ ఏలూరు వెళ్ళి అదే ఆఫీసరు ముందు ఎత్తి చూపించింది. నవ్వినవాళ్ళెవరూ ఈసారి తలెత్తలేదని చెబుతూ, వక్కపలుకు బుగ్గన పెట్టుకుని ఆవిడే నవ్వేది.

తాతయ్య ఒకసారి చూడవచ్చారు. ఆయనకి ప్రాణంలాంటి రైఫిలది. కోసిన చివరని చేత్తో తడిమి తడిమి చూశారు. తిడతారేమోనని అత్తయ్య తలుపువారగా నిలబడిందట. "నేనిచ్చేటప్పుడే కోయించి ఇవ్వాల్సింది" అన్నారట ఆయన. అంతే.

ఇంక అసలు సంగతికి వస్తాను. దీన్ని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

అత్తయ్యకి ఒక బావగారు ఉండేవాడు, మామయ్యకి అన్న. పేరు రాయను. ఆయన మనవలు ఇప్పటికీ ఆ వైపే ఉన్నారు, వాళ్ళకి ఇందులో ఏ పాపమూ లేదు. తమ్ముడి భూమి తనదేననీ, పిల్లల్లేని ఆడదానికి తిండీ బట్టా చూస్తే చాలనీ ఆయన మొదటినుంచీ అంటూనే ఉన్నాడు. ఒక దాళ్వా కోతలప్పుడు, నేను బడికి జడ వేసుకుంటూ ఉండగా, కూలికెళ్ళే ఒకావిడ పరిగెత్తుకొచ్చి, "అమ్మగారూ, మీ బావగారు మనుషుల్ని పెట్టి మీ చేలో కోత మొదలెట్టించేశారండి" అంది. అత్తయ్య చేతిలో చేట పక్కన పెట్టింది. చొక్కా తొడుక్కుంది. చూరు కింద డబ్బాలోంచి రెండు తూటాలు తీసి జేబులో వేసుకుంది. నన్ను బడికి పొమ్మంది. నేను వెళ్ళలేదు. సగం వేసిన జడతోనే వెనకాల నడిచాను.

ఏడెనిమిది మంది వంగి కోస్తున్నారు. ఒక మూల అప్పటికే పనలు పడున్నాయి. ఆయన గట్టుమీద గొడుగేసుకుని నిలబడ్డాడు. అత్తయ్య పదడుగుల దూరంలో ఆగింది.

"బావగారూ, కొడవళ్ళు కింద పెట్టించండి" అంది. గొంతు పెద్దది చేయలేదు.

"ఏంటమ్మా ఇది? ఊరంతా చూస్తుంటే ఆడదానివి ఆ అవతారమేంటి? ఇంటికెళ్ళు. నీ తిండిగింజలు నీకు పంపిస్తాను."

"ఈ చేలో దమ్ము చేయించింది నేనండీ. నాట్లు వేయించింది నేను. కోత కూడా నేనే కోయించుకుంటాను."

"పిల్లా పీచూ లేదు. ఎవరికోసమమ్మా నీకింత ఆరాటం?"

"నాకోసమండీ" అంది అత్తయ్య.

ఆ మాట ఆయనకి అర్థమైనట్టు లేదు. ఒక ఆడది అలా అనగలదని ఆయన ఎప్పుడూ వినుండడు. నేనూ వినలేదు. ఆయన నవ్వి, గొడుగు మూసి, "ఇలా తే అది. నీ వల్ల కాదు" అంటూ చెయ్యి చాపి ముందుకి నడిచాడు. అత్తయ్య తుపాకీ మధ్యకి మడిచింది. జేబులోంచి తూటా తీసి పెట్టింది. మూసింది. భుజానికెత్తింది. ఆవిడ చెంప కొయ్యకి ఆని ఉంది, వేలు ట్రిగ్గరు మీద ఉంది. గొట్టం ఆయన గుండెకి సూటిగా ఉంది. నేను నాలుగడుగుల వెనక నించుని చూశాను. ఆయన ఆగిపోయాడు. చేలో కొడవళ్ళ చప్పుడు కూడా ఆగిపోయింది. ఎంతసేపో చెప్పలేను.  గొడుగు అక్కడే వదిలేసి వెనక్కి తిరిగి కాలవ దాటేదాకా ఆవిడ తుపాకీ దించలేదు. దించాక దాన్ని మధ్యకి మడిచి నా ముందు పెట్టింది. తూటా తీసింది నేను.

మర్నాడు ప్రెసిడెంటుగారి అరుగుమీద పెద్దలు కూర్చున్నారు. తమ్ముడి పెళ్ళాం తనని చంపబోయిందని బావగారి ఫిర్యాదు. నిజమని తేలితే పోలీసు కేసు, లైసెన్సు రద్దు, ఆ తరవాత పొలం సంగతి వేరే చెప్పక్కర్లేదు. కూలివాళ్ళని అడిగారు. "మేం వంగి కోస్తున్నామండి, మాకేం కనపడలేదండి" అన్నారు ఏడుగురూ, ఒకరి తరవాత ఒకరు. అప్పుడు నన్ను పిలిచారు. ప్రెసిడెంటుగారు మంచివాడే. నా తలమీద చెయ్యి వేసి, "బళ్ళో చదువుకుంటున్నదానివి, అబద్ధమాడకూడదు తల్లీ. మీ అత్తయ్య ఆయన మీదకి తుపాకీ ఎత్తిందా?" అన్నాడు.

"లేదండీ" అన్నాను. "పిట్టల్ని తోలటానికి చేతికి తగిలించుకుని వచ్చిందండీ. అందులో తూటా కూడా లేదండీ."

బావగారు నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. కోపం కాదు, ఆశ్చర్యం. నేను నేలమీదకి చూస్తూ నిలబడ్డాను. ఫిర్యాదు కొట్టేశారు. ఆ ఏడుగురే ఆ వారంలో అత్తయ్య చేను కోసి, కుప్ప వేసి వెళ్ళారు. ఆ తరవాత ఆయన ఆ గట్టెక్కలేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య మెచ్చుకుంటుందనో, దగ్గరికి తీసుకుంటుందనో ఎదురుచూశాను. అన్నం పెట్టి, మెంతికాయ పచ్చడి వేసి, నా ఎదురుగా కూర్చుంది. "చెప్పింది బాగానే చెప్పావు గానీ నేలచూపులు చూశావేమే? ఇంకెప్పుడైనా చెప్పాల్సొస్తే కళ్ళల్లోకి చూసి చెప్పు" అంది. మళ్ళీ ఆ విషయం మా ఇద్దరి మధ్యా రాలేదు, ఆవిడ పోయేదాకా.

తరవాత నేను టీచరునయ్యాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పిల్లలకి నిజమే చెప్పాలని చెప్పాను. చెబుతున్న ప్రతిసారీ ఆ అరుగు గుర్తొచ్చేది. పశ్చాత్తాపం కలగాలని చాలాసార్లు ప్రయత్నించి చూశాను కూడా. కలగలేదు. ఇవాళ ఈ వయసులో ఇంక కలగదు. నిజం చెప్పి ఉంటే ఆ న్యాయం చేసేవాళ్ళు ఎవరికి న్యాయం చేసేవారో నాకు పన్నెండేళ్ళకే తెలుసు.

వారం గడువులో ఒకరోజు ఆటో మాట్లాడుకుని ఒక్కదాన్నే ఆ ఊరు వెళ్ళాను. అత్తయ్య పొలం ఇప్పుడు చేపల చెరువు. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మంచానికి అంటుకున్నాక లీజుకిచ్చింది. గట్లు కొట్టేసి, నాలుగు కమతాలు ఒకటి చేసి తవ్వారు. ఆవిడ నిలబడ్డ గట్టు ఎక్కడుండేదో నీళ్ళమీద చూపించలేను. పెంకుటిల్లు స్థలంలో మేత బస్తాలు నిలవచేసే షెడ్డు ఉంది. ఆవిడ ఫోటో ఒక్కటి ఉండేది, లైసెన్సు పుస్తకంలో. చెమ్మకి మొహం చెరిగిపోయింది. అక్కడ నిలబడి ఉండగా నాకు తట్టింది. మా అత్తయ్య ఎంత మనిషో, ఆవిడ చెయ్యి ఎంత పొడుగో, ఈ లోకంలో ఇంకెక్కడా మిగల్లేదు, ఆ కొయ్య మీద తప్ప. వీర్రాజు బొగ్గుగీత గీసిన చోట కోసిన కొయ్య అది. దాన్ని తీసేసి పూర్తి పొడుగుది వేస్తే ఆరడుగుల మా తాతయ్య ఉంటారు. మాణిక్యం అత్తయ్య అనే మనిషి ఆ తుపాకీ పట్టుకున్నట్టే ఉండదు.

షాపుకి ఒక్కదాన్నే వెళ్ళాను. "గొట్టం లోపల శుభ్రం చేసి, వదులైన మర బిగించండి చాలు. కొయ్య జోలికి వెళ్ళొద్దు" అన్నాను. "పాడైపోయిన కొయ్య కదండీ" అన్నాడాయన. ఎవరు కోయించారో, ఎందుకు కోయించారో చెప్పాను. ఆయన టేపు తీసి, ట్రిగ్గరు నుంచి చివరిదాకా కొలిచాడు. నన్ను మోచెయ్యి వంచమని నా చేతికి ఆనించి చూశాడు. "అయిదడుగులు కూడా ఉండరండీ ఆవిడ" అన్నాడు. "ఉండదండీ" అన్నాను. "నేనే తప్పు మాట అన్నానమ్మా. కోసినవాడికి పని తెలుసు" అని, గొట్టం శుభ్రం చేసి, మర బిగించి, దాన్ని దుప్పట్లో చుట్టి, రెండు చేతులతో అందించాడు.

తమ్ముడు ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగలేదు. "హాల్లో అంత ఖర్చుపెట్టి బీరువా చేయించానక్కా. వచ్చినవాళ్ళు ఇదేంటి టైరుముక్క అంటే ఏం చెప్పను?"

"నువ్వేం చెప్పక్కర్లేదురా. అది నా ఇంట్లోనే ఉంటుంది."

"తాతగారి వస్తువు అది."

"తాతయ్యే ఆవిడకిచ్చారు. ఆవిడ నాకు రాసింది."

అప్పుడు వాడికి మొత్తం చెప్పాను. గట్టు, తూటా, అరుగు, నేనాడిన అబద్ధం, అన్నీ.  మంచివాడే మా తమ్ముడు, కాకపోతే వంశం పేరు బీరువాలో దీపాలు పెట్టి చూసుకోవాలని వాడి సరదా. చివరికి లేచి, చెప్పులు వేసుకుంటూ, "సరే, తుపాకీ నీ దగ్గరే ఉంచుకో. కానీ అక్కా, ఈ మాట మాత్రం ఎక్కడా రాయకు. ఆ బావగారి వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. మన ఇంటి ఆడమనిషి బావగారి మీదకి తుపాకీ ఎత్తిందంటే ఎంత అప్రదిష్ట! పైగా నువ్వు టీచరువి, దొంగసాక్ష్యం చెప్పానని నీ చేత్తో నువ్వే రాసుకుంటావా?" అన్నాడు.

రాసుకుంటాను. పన్నెండేళ్ళప్పుడు ఆ అరుగుమీద నేను చెప్పింది అబద్ధం. మా మాణిక్యం అత్తయ్య తుపాకీ ఎత్తింది. తూటా పెట్టే ఎత్తింది. ఆయన గుండెకే గురిపెట్టింది. ఆ ఏడు ఆ చేను ఆవిడే కోయించుకుంది, ఆ తరవాత మంచాన పడేదాకా ఏటేటా కోయించుకుంది.